మోకాటిచిప్ప విజయము

అవతారిక

ముందుగా అరసవల్లి సూర్యనారాయణమూర్తికి ఒక దండం. కాలి గురించి కావ్యం చెప్పబోయేవాడికి ఉత్తరాంధ్రలో అంతకు మించిన ఇష్టదైవం దొరకడు. ఆయన రథానికి గుర్రాలు ఏడు, చక్రం ఒకటి. సారథేమో అనూరుడు, తొడలు లేనివాడు. ఇంత అరకొర సరంజామాతో సృష్ట్యాది నుంచి ఈ పొద్దుటి దాకా ఆయన ఒక్కనాడూ ఆలస్యంగా రాలేదు. ఆ ఏడింటిలో ఒక్కటి వెనకకాలు ఈడ్చి ఉంటే లోకానికి తెల్లారేది కాదు.

ఆయన కొడుకులు అశ్వినీదేవతలు. సంజ్ఞాదేవి ఆడగుర్రమై తిరుగుతుండగా కలిగిన కవలలు, దేవలోకపు ఆస్థాన వైద్యులు. విశ్పలకు పోరులో కాలు తెగితే ఇనపకాలు అమర్చి మళ్ళీ పరుగుకు పంపారని ఋగ్వేదం చెబుతుంది. ఆ విశ్పల మనిషి కాదు, పందెపు గుర్రమేనని వాదించిన పండితులూ ఉన్నారు. ఎవరైతేనేం, ఆ కాలితో మొదటి వారం ఎన్ని అడుగులు వేసిందో, రెండో వారం పగ్గం ఎవరు పట్టుకున్నారో, ఎంత విసుక్కుందో వేదం చెప్పలేదు. చెప్పకుండా వదిలేసిన ఆ భాగమే ఈ కావ్యానికి ఇతివృత్తం.

పూర్వులలో అశ్వశాస్త్రానికి ఆద్యుడైన శాలిహోత్రుడికీ, విరటుడి కొలువులో దామగ్రంథి పేరుతో గుర్రాలు కాచిన నకులుడికీ, గుర్రాల శాస్త్రాన్ని తెలుగు పద్యాల్లోకి దింపిన మనుమంచి భట్టుకూ వందనాలు. ఆనవాయితీ ప్రకారం కుకవి నింద కూడా చెయ్యాలి. దారినపోతూ ఆగి, గుర్రాన్ని ఎగాదిగా చూసి, "పసుపు, సున్నం కలిపి పట్టించండి, మూడ్రోజుల్లో పరిగెడతాది" అని చెప్పి వెళ్ళిపోయినవారంతా ఈ కావ్యానికి కుకవులు. వారి సంఖ్య చెప్పతరం కాదు.

ఇక షష్ఠ్యంతాలు. ఉలవలు ఉడికే వాసనకు వీధి చివరి నుంచే చెవులు నిక్కించేదానికి, బేండు మేళానికి బెదరక పాలిథీన్ సంచికి బెదిరేదానికి, ఎందరు పెళ్ళికొడుకులను మోసినా ఒక్క తాంబూలమూ అందుకోనిదానికి, నిలబడి నిద్రపోవడంలో నిష్ణాతురాలికి, గజపతినగరపు పెళ్ళి ఊరేగింపులకు పట్టమహిషి అయిన రాణి అనే తెల్లగుర్రానికి నేను అంకితం చెయ్యబోతున్న మోకాటిచిప్ప విజయమునకు కథాక్రమం ఎట్టిదంటే,

ప్రథమాశ్వాసం: పురవర్ణన, నాయికావర్ణన

విజయనగరం నుంచి రాయపూర్ పోయే దారిలో పాతిక కిలోమీటర్ల పైచిలుకు నడిస్తే గజపతినగరం అనే పురం ఉంది. ఆ పురానికి చంపావతి అనే నది ఉంది. మెంటాడ మండలం ఆండ్ర వైపు కొండల్లో పుట్టి, కోనాడ దగ్గర సముద్రంలో కలిసే ఆ నది వానాకాలంలో నీటినీ, తక్కిన కాలంలో ఇసుకనూ ప్రవహింపజేస్తుంది. 1931లో పూర్తయిన రాయపూర్–విజయనగరం రైలుమార్గం ఆ పురానికి మొలతాడు. జాతీయ రహదారి మీద పోయే లారీల హారన్లు దుందుభులు. పురహర్మ్యాలు మేఘమండలాన్ని తాకుతాయని కవులు అంటే సెల్ టవర్ల సంగతి అనుకోవాలి.

ఇటు విజయనగరం కోట, అటు 1757 జనవరి 24న నేలమట్టమైన బొబ్బిలి కోట. రెంటికీ నడుమ ఉన్న ఊరు కనుక వీరరసానికి ఇక్కడ ఏనాడూ కరువు లేదు. ప్రస్తుతం అదంతా పెళ్ళి ఊరేగింపుల్లో ఖర్చవుతోంది.

అటువంటి ఊరేగింపులకు అగ్రభాగాన నిలిచేది రాణి. పుట్టినప్పుడు నల్లది. తెల్లగుర్రాలని మనం అనుకునేవాటిలో చాలా భాగం ఇంతే, నల్లగానో బూడిదరంగులోనో పుట్టి ఏళ్ళ మీద తెల్లబడతాయి. బరువు మూడు వందల కిలోలకు కాస్త అటూ ఇటూ. నుదుట అద్దాల పట్టీ, మెడలో గంటలు, వీపు మీద జరీ జీను వేస్తే ఉచ్చైశ్రవం చెల్లెలు. అవన్నీ విప్పేస్తే, పక్కింటివాళ్ళ పాదు మీది బీరతీగ లాగేసిన నేరానికి రోజూ తిట్లు తినే ఆడగుర్రం. దాన్ని సాకే రౌతు తాత విజయనగరంలో జట్కా తోలాడు. ఆటోలొచ్చి జట్కాను మింగేసినా ఆ ఇంట్లో గుర్రం మాత్రం మిగిలింది. రౌతు దాన్ని "తల్లీ" అంటాడు. రౌతు పెళ్ళాం "మా ఆడబిడ్డ" అంటుంది. ఇంటి ఖర్చులో దాని వాటా చూశాక ఆవిడ పెట్టిన వరస అది.

ద్వితీయాశ్వాసం: శాపం

మాఘమాసం, మంచి లగ్నం. ఊరేగింపు పెళ్ళివారి గుమ్మం ముందుకొచ్చింది. దిష్టి తియ్యడానికి బూడిద గుమ్మడికాయ పైకి లేచింది. కర్ణుడి రథచక్రాన్ని మింగడానికి భూదేవికి బ్రాహ్మణశాపం కావలసి వచ్చింది. మా నాయికను పడగొట్టడానికి గుమ్మడికాయ గుజ్జు చాలింది. సిమెంటు రోడ్డు మీద కుడి వెనకకాలు జర్రున జారి, రాణి పిర్ర మీద కూలబడింది. పెళ్ళికొడుకు, పక్కనున్న సన్నాయి ఆయన ఒళ్ళో పడ్డాడు. ఆయనకి దెబ్బ తగల్లేదు, రాగం మాత్రం తప్పింది.

ఎముక విరగలేదు. తొడ బెణికి వాచింది. రౌతు భయపడి రెండు నెలలు కట్టుకొయ్య దగ్గర నుంచి కదలనివ్వలేదు. వాపు తీసింది. తీసిన చోట తొడకండ కూడా తీసుకుపోయిందని ఎవరూ గమనించలేదు. చైత్రంలో ఒక పొద్దున్న చూస్తే, కుడి వెనకకాలు కర్రలా బిగుసుకుని వెనక్కి చాచుకుపోయి ఉంది. ముందుకు లాగితే గిట్ట కొస నేల గీరుతూ వస్తోంది. ఉన్నట్టుండి ఎవరో తన్నినట్టు కాలు ఎగిరి కిందపడుతుంది. నాలుగడుగులయ్యాక మళ్ళీ బిగుస్తుంది.

గుర్రపు నడకలు ఐదని అమరకోశం లెక్కపెట్టింది: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. అమరసింహుడు గజపతినగరం వచ్చి ఉంటే ఆరోదిగా "ఈడుపు" చేర్చేవాడు.

దీని వెనక ఒక వరముంది. గుర్రం పారిపోయి బతికే జంతువు. పడుకుంటే లేచేలోపు పులి వస్తుంది. అందుకని విధాత దానికి వెనకకాళ్ళలో చెరొక తాళం పెట్టాడు. మనం గుర్రపు వెనకకాలి మోకాలనుకునేది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన దాక్కుని ఉంటుంది. అక్కడ తొడ ఎముక చివర రెండు గట్లు, నడుమ గాడి. ఆ గాడిలో చిప్ప కిందికీ మీదికీ జారుతుంది. ఆ చిప్పను కింది ఎముకకు కట్టిపడేసే నరాల్లాంటి పట్టీలు మూడు. నిద్రొచ్చినప్పుడు గుర్రం చిప్పను పైకి లాగి, లోపలి పట్టీ ఉచ్చును లోపలి గట్టు ముక్కుకు తగిలిస్తుంది. కాలు నిటారుగా బిగుస్తుంది. కండకు దాదాపు పనే లేదు. రెండో కాలు మడిచి గిట్ట కొస ఆనించి, మూడు కాళ్ళ మీద నిశ్చింతగా కునుకు తీస్తుంది. కలలొచ్చే గాఢనిద్రకు మాత్రం దానికీ నేల కావాలి, అదీ రోజుకు ఒక గంటలోపే. తక్కిన కునుకంతా నిలువునే.

కొక్కెం ఊడదియ్యాలంటే తొడకండ బిగించి చిప్పను మీదికి, పక్కకి లాగాలి. వరంలోని మెలిక అదే. కండలో చేవ ఉన్నంతకాలం తాళంచెవి చేతిలో ఉన్నట్టు. చేవ తగ్గిన నాడు కొక్కెం పడుతుంది గాని లేవదు. విధాత వరాలన్నిటికీ కింద చిన్నక్షరాలు ఉంటాయి, హిరణ్యకశిపుణ్ణి అడగండి.

తృతీయాశ్వాసం: యుద్ధం

పశువుల డాక్టరు గరివిడి కాలేజీలో చదివొచ్చిన కుర్రాడు. వచ్చి, గుర్రాన్ని ముట్టుకోకుండా చాలాసేపు చూశాడు. వైద్యుడు ముట్టుకోకుండా చూస్తున్నాడంటే ఫీజు పెరుగుతోందని రౌతు అనుకున్నాడు.

"బాబాయ్, వెనక్కి నడిపించండి."

"ముందుకే నడవనేకపోతంది బాబూ, వెనక్కేటి నడుస్తాది?"

"నడిపించండి."

రౌతు పగ్గం పట్టి రొమ్ము మీద చెయ్యేసి వెనక్కి నెట్టాడు. ఒకడుగు, రెండడుగులు. లోపల టక్కుమని ఒక చప్పుడైంది. కాలు మడత పడింది. చుట్టూ మూగిన పురజనం "ఓలమ్మో" అన్నారు. సముద్రమథనంలో అమృతం తేలినప్పుడు దేవతలు కూడా అంతకంటే ఎక్కువ అని ఉండరు. రాణి పది గజాలు దర్జాగా నడిచింది. పదకొండో గజంలో మళ్ళీ బిగుసుకుంది. అమృతం రాహువు పాలైంది.

"చిప్ప ఎక్కేస్తోంది. వెనక్కి నడిపితే ఊడుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. నెలరోజులు చూద్దాం. కాస్త కాస్త నడిపిస్తే కండ పట్టి అదే సర్దుకోవచ్చు. సర్దుకోకపోతే లోపలి పట్టీ కోసెయ్యాలి."

సర్దుకోలేదు. వైశాఖ లగ్నాలన్నీ పక్క ఊరి గుర్రం ఎగరేసుకుపోయింది. గిట్ట కొస అరిగి అరిగి పలచబడింది. వైశాఖ బహుళంలో, ఎండ ముదరకముందు, వేపచెట్టు కింద, యుద్ధానికి ముహూర్తం పెట్టారు.

ఆయుధాలు ఇవి. మత్తుకు జైలజీన్, సమ్మోహనాస్త్రం. కోసేచోట లిగ్నోకైన్, స్తంభనాస్త్రం. ధనుర్వాతానికి ముందుజాగ్రత్త సూది, కవచం. ఇది మరిచిపోకూడదు, ఎందుకంటే ధనుర్వాతానికి గుర్రమంత సులువుగా లొంగే పశువు అరుదు. గుర్రం మసిలే మట్టిలోనే దాని విత్తనం ఉంటుంది. ఇక వంపు తిరిగిన కొసతో ఒక చిన్న కత్తి. రాణి తల వాల్చేసింది, కింది పెదవి జారిపోయింది. నిలబడే ఉంది.

డాక్టరు అరంగుళం కోత పెట్టాడు. లోపల వేలితో పట్టీని వెతికాడు. కత్తి దూర్చి తిప్పాడు. బిగుతుగా లాగిన తాడు తెగినట్టు ఒక చిన్న అదురు, అంతే. మూడు కుట్లు. ప్రాణనష్టం లేదు. ఒక ఈగ మాత్రం గోరు కింద నలిగింది.

పద్దెనిమిది రోజుల భారతానికి అలవాటుపడిన పురజనానికి ఈ యుద్ధం నచ్చలేదు. "అయిపోనాదా? ఇంతేనా?" అని ఒక ముసలాయన బీడీ ఆర్పకుండానే లేచిపోయాడు. ఎద్దులకైతే ఈ కోత ఇక్కడ పాతసంగతే. నాగలి గిత్తలకీ బండి ఎద్దులకీ ఇదే రోగం వస్తుంది, ఇదే కోత కోస్తారు.

మత్తు వదిలాక రాణి కాలెత్తింది. కాలు మడిచింది. గిట్ట నేలకు తగలకుండా ముందుకేసింది. రౌతు కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఆ సాయంత్రమే జీను దులిపి ఎండలో వేశాడు. డాక్టరు అది చూసి దాన్ని మళ్ళీ లోపల పెట్టించి, తలుపు మూయించి, ఒకే మాట అన్నాడు: "మూడు నెలలు."

చతుర్థాశ్వాసం: నిరాహారదీక్ష, పరామర్శ

కావ్యాల్లో విరహం నాయికకు ఉంటుంది. ఇక్కడా అంతే, విరహం ఉలవలతో. పనిలో ఉన్నప్పుడు తినే దాణా పనిలేనప్పుడు పెడితే గుర్రానికి అది తిండి కాదు, గండం. పూర్వం ఐరోపాలో బరువులు లాగే గుర్రాలకు ఆదివారం సెలవిచ్చి, దాణా మాత్రం తగ్గించకుండా పెట్టేవారు. సోమవారం పొద్దున్న బండి కట్టగానే కండలు రాయిలా బిగుసుకుపోయి, మూత్రం నల్లగా దిగి, కూలబడేవి. దానికి సోమవారం జబ్బు అనే పేరే పడింది. అందుకని డాక్టరు ఉలవలను ఒక గుప్పెడికి దించాడు. పచ్చగడ్డి, ఎండుగడ్డి, ఉప్పుబిళ్ళ, నీళ్ళు, అంతే మిగిలాయి.

ఆ బుట్టలో తల దూర్చి, అడుగున అంటుకున్న ఒక్క ఉలవగింజను రాణి పెదవి కొసతో వెతికే దృశ్యం ఎవరైనా దగ్గర నుంచి చూడాలి. ముందు పైపెదవి ఎడమకు సాగుతుంది. దొరకదు. కుడికి సాగుతుంది. గింజ దొర్లుతుంది. పెదవి ఆగుతుంది, ఊపిరి బిగపడుతుంది, ముక్కుపుటాలు విచ్చుకుంటాయి. లంకంతా గాలించిన హనుమంతుడు అశోకవనం ముందు ఆగిన క్షణం అది. గింజ దొరికాక నములుతుంది. ఒక్క గింజని అంతసేపు నమలడం ఎలా సాధ్యమో తెలియదు.

పరామర్శకు బంధువులొచ్చారు. దత్తిరాజేరు నుంచి రౌతు బావమరిది వచ్చి, నులకమంచం మీద కూర్చుని, టీ తాగి, ఉపదేశం మొదలెట్టాడు.

"మా గిత్తకి ఇదే కోత బావా. నెల తిరక్కముందే కాడి కట్టేసినాం. నీది ఏటి, మహారాజుగోరి గుర్రమా? సావనంలో లగ్నాలున్నాయి. బేగి దింపీ."

రౌతు మనసు చలించింది. కురుక్షేత్రంలో అర్జునుడికి చలించినదానికంటే ఎక్కువే, ఎందుకంటే అర్జునుడికి అప్పు లేదు. సాయంత్రం కుట్ల దగ్గర వాపు చూడ్డానికొచ్చిన డాక్టరుకి అదే చెప్పాడు. డాక్టరు గీత చెప్పలేదు. చేతికి దొరికిన చింతగింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని చూపించాడు.

"బాబాయ్, ఇదీ చిప్ప. మూడు పట్టీల బలం రెండు పట్టీల మీద పడింది ఇప్పుడు. అవి గట్టిపడి, చిప్ప కొత్త దారికి అలవాటు పడాలి. ఎద్దు అడుగు తీసి అడుగేస్తుంది. దీని మీద మనిషెక్కుతాడు, వెనక డప్పు కొడతారు, ఇది గెంతుతుంది. ఇప్పుడే గెంతిస్తే చిప్ప కింది అంచు చిట్లుతుంది. చిట్లాక నా దగ్గరికి తెస్తే కొయ్యడానికి ఇంకేమీ ఉండదు."

రౌతు పెళ్ళాం లోపలి నుంచి తీర్పు చెప్పింది: "మీ బావమరిదికి టీ ఇయ్యడం నాదే తప్పు."

ఇక్కడ కవి ఆగి ఒక ప్రమాణం చూపించాలి. గాయపడ్డ గుర్రాన్ని మళ్ళీ పనిలోకి దింపడం పామరుల పని అనుకునేవారు ద్రోణపర్వం చూడాలి. సైంధవుణ్ణి చంపి తీరతానని అర్జునుడు ప్రతిజ్ఞ పట్టిన మర్నాడు. పొద్దు వాలుతోంది. గుర్రాలు బాణాలు తగిలి, దాహంతో, అలిసి నిలబడిపోయాయి. శత్రువుల నడుమ, యుద్ధభూమి మధ్యలో, కృష్ణుడు వాటిని కాడి నుంచి విప్పాడు. అర్జునుడు బాణంతో నేలను కొట్టి కొలను పుట్టించాడు, బాణాలతోనే ఇల్లు కట్టాడు, తను నేల మీద నిలబడి కాపలా కాశాడు. జగన్నాథుడు ఒక్కొక్క గుర్రం ఒంట్లోంచి ములుకులు తీసి, కడిగి, ఒళ్ళంతా రుద్ది, నీళ్ళు పట్టి, మేపి, సేదతీరాక కాడి కట్టాడు. సూర్యాస్తమయం లోపల పని అవ్వకపోతే అర్జునుడు అగ్నిలో దూకాలి. అంత గడువు నెత్తి మీద పెట్టుకుని కూడా గుర్రాన్ని ముందు విప్పాడు, తరవాతే కట్టాడు. శ్రావణ లగ్నం దాటిపోతోందని కంగారుపడే వారికి ఇంతకంటే పెద్ద ప్రమాణం నా దగ్గర లేదు.

పంచమాశ్వాసం: దిగ్విజయయాత్ర

కుట్లు విప్పారు. అరిగిన గిట్టను సరిచేసి, కొస మొద్దుగా చెక్కి కొత్త లాడం కొట్టారు. జ్యేష్ఠం వచ్చింది. అశ్వమేధంలో గుర్రాన్ని ఏడాదిపాటు లోకం మీదకి వదులుతారు, అది తొక్కిన నేలంతా రాజుదవుతుంది. మా అశ్వానికి పగ్గం ఉంది, పూటకు ఐదు నిమిషాల గడువుంది. అయినా దిగ్విజయమే.

మొదటి వారం పెరటి గుమ్మం నుంచి బట్టలుతికే బండ దాకా ఉన్న రాజ్యం జయించబడింది. రెండో వారం వీధి. నేల గట్టిగా, చదునుగా ఉండాలి, అడుగు తిన్నగా పడాలి, మలుపులు తక్కువుండాలి, ఇది యుద్ధనీతి. మూడో వారం పాలకేంద్రం లొంగిపోయింది. అక్కడ కుక్క ఒకటి దారికడ్డం పడుకుని సామంతత్వానికి ఒప్పుకోలేదు. సేన అంతా (అంటే రౌతు) పక్కనుంచి తిరిగివచ్చింది. నాలుగో వారం నడక ఇరవై నిమిషాలైంది. రైలుగేటు దాకా పోయి, గేటు పడి ఉంటే గూడ్సు బండి వెళ్ళేదాకా నిలబడి, వెనక్కి తిరిగారు. రాణి అక్కడ నిలబడే చిన్న కునుకు తీసింది. కొక్కెం ఇప్పుడు ఎడమకాలిదే. కుడికాలు ఆ విద్యను ఇదివరకటిలా చేయలేదు.

ఈ దండయాత్రలో అనుకోని మిత్రరాజు ఒకాయన చేరాడు. వీధి మొదట్లో ఉండే రిటైరైన తెలుగు మేస్టారికి అంతకుముందే మోకాలి కీలు మార్చారు. "రోజూ నడవండి" అని పంపితే, వాలుకుర్చీలో కూర్చుని నడక మీద పద్యాలు చదువుతున్నారు. ఒక పొద్దున్న కిటికీలోంచి రాణి నడక చూసి, "అది కూడా నా బాపతేనటరా?" అని అడిగి, చేతికర్ర తీసుకుని బయటికొచ్చారు. మొదటిరోజు రాణి ఆయన్ని మించిపోయింది. రెండోరోజు ఆయన పట్టుదలతో కరెంటు స్తంభం దాకా సమానంగా నడిచారు. పాలకేంద్రం కుక్కను చేతికర్రతో లొంగదీసిన కీర్తి చరిత్రలో ఆయనదే. డాక్టరు దారిలో ఎదురుపడి ఇద్దరి కాళ్ళూ చూసి, "మేస్టారూ, గుర్రం అడుగు పూర్తిగా వేస్తోంది, మీరే దొంగడుగు వేస్తున్నారు" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మేస్టారు భోంచెయ్యలేదని వినికిడి.

ఆషాఢం. కావ్యధర్మంగా ఋతువర్ణన. మేఘాలొచ్చాయి, వాన వచ్చింది, బురద వచ్చింది. కాళిదాసు యక్షుడికి ఆషాఢమేఘం దూత. రౌతుకు మాత్రం అది శత్రువు, ఎందుకంటే జారే నేల మీద ఈ కాలు నిలదొక్కుకునే దశలో ఇంకా లేదు. వాన పడిన రోజున నడక ఊళ్ళోని సిమెంటు రోడ్డు మీద కాకుండా గరుకు కంకర బాట మీద. వాన లేని రోజున చంపావతి గట్టు. గట్టు ఎక్కడం అసలు మందు. వాలు ఎక్కేటప్పుడు గుర్రం వెనకకాళ్ళతో ఒళ్ళు నెట్టుకోవాలి, తొడకండ బిగుస్తుంది, చిప్పను పట్టుకునే పని ఆ కండే చేస్తుంది. అందుకని రోజూ రెండుసార్లు ఎక్కడం, నెమ్మదిగా దిగడం, దిగాక పదడుగులు వెనక్కి నడవడం. ఈ వెనకడుగులు చూసి ఇసుక ట్రాక్టరువాళ్ళు నవ్వారు. వెనక్కి నడిచే సేనను చూసి నవ్వినవాళ్ళు చరిత్రలో చాలామంది ఉన్నారు.

రౌతు రోజూ సాయంత్రం దాని తొడ మీద అరచెయ్యి వేసి చూసేవాడు. ఎడమ తొడ మీద ఒకసారి, కుడి తొడ మీద ఒకసారి. కొలబద్ద లేదు, పుస్తకం లేదు. ఆషాఢం చివర్లో ఒకరోజు కుడి తొడ మీద వేసిన చెయ్యి తీయకుండా చాలాసేపు ఉంచి, పెళ్ళాన్ని పిలిచి, "సూడే, దీనికి కండ పడతంది" అన్నాడు. ఆవిడ తడిచెయ్యి చీరకి తుడుచుకుని తనూ వేసి చూసింది. "పడతంది. ఉలవలు రెండు గుప్పిళ్ళు సెయ్యి" అంది. కావ్యంలో ఇంతకు మించిన పట్టాభిషేకఘట్టం లేదు.

షష్ఠాశ్వాసం: వివాహవర్ణన, నాయికాభ్యుదయం

శ్రావణం మొదటి లగ్నాలకు జీను మాత్రం వేశారు, మనిషిని కాదు. రెండో వారం మేస్టారి మనవడు, ముప్పై కిలోలవాడు, జీనెక్కి పాలకేంద్రం దాకా రాజ్యమేలి వచ్చాడు. బేండు మేళానికి అలవాటు తప్పిందేమోనని, ఫోనులో డప్పు పాట పెట్టి ముందు వీధి చివరి నుంచి, తరవాత గుమ్మం నుంచి, ఆ పైన చెవి దగ్గర నుంచి వినిపించారు. రాణి దానికి చలించలేదు. పాట మధ్యలో వచ్చిన బ్యాంకు లోను ప్రకటనకి మాత్రం చెవులు వెనక్కి వాల్చింది.

ఇప్పుడు అసలు మంత్రాంగం. గుర్రం మోసే బరువు దాని బరువులో అయిదో వంతు దాటకపోతే మంచిదని ఒక లెక్క. మూడు వందల కిలోలకు అరవై. జీను, జరీ గుడ్డ, గంటలు, అద్దాలు కలిపి ఎనిమిది తీస్తే యాభై రెండు. అంటే పెళ్ళికొడుకు యాభై రెండు కిలోల లోపు ఉండాలి, షేర్వాణీ, తలపాగాతో సహా. పెళ్ళిళ్ళకు ముందు జాతకాలు చూసే దేశంలో, అబ్బాయి జీతం అడిగే దేశంలో, రౌతు ఫోనెత్తి మొట్టమొదట "పెల్లికొడుకు ఎన్ని కేజీలు బాబూ?" అని అడగడం మొదలుపెట్టాడు. తొంభై నాలుగు కిలోల వరుడి మేనమామ కోపంతో ఫోను పెట్టేశాడు. డెబ్బై ఒకటి కిలోలవాడు ముహూర్తానికి తగ్గుతానన్నాడు. ఆ లగ్నాలన్నీ పోయాయి. పక్క ఊరి గుర్రం వాటినీ ఎగరేసుకుపోయింది, దాని నడుం సంగతి దాని యజమానికి తెలియాలి.

శ్రావణం ఆఖరి లగ్నానికి దైవం పంపినట్టు ఒక వరుడు దొరికాడు. యాభై ఒక్క కిలో. పోటీపరీక్షలకు చదివి చదివి చిక్కినవాడు. రౌతు షరతులు చెప్పాడు. సగం వీధే, పూర్తి ఊరేగింపు కాదు. తోడుపెళ్ళికొడుకుని ఎక్కించకూడదు. డీజే పెట్టె పాతిక గజాల వెనక. గెంతించమని అడగకూడదు. వరుడి తండ్రి అన్నిటికీ ఒప్పుకున్నాడు, అద్దె సగం చేశాక.

ఆ సాయంత్రం రాణి బయల్దేరింది. నుదుట అద్దాల పట్టీ, మెడలో గంటలు. తోడుపెళ్ళికొడుకు, ఐదేళ్ళవాడు, గుర్రమెక్కనివ్వలేదని వీధి అదిరేలా ఏడ్చి, ఆ రోజు డీజేని ఓడించిన ఏకైక వీరుడుగా నిలిచాడు. కుడి వెనకకాలు ఎత్తింది, వేసింది. ఎత్తింది, వేసింది. చూసేవాళ్ళు పెళ్ళికొడుకు మొహం చూస్తున్నారు. రౌతు, మేస్టారు, పాలు తెచ్చే నెపంతో వచ్చిన డాక్టరు, ముగ్గురూ కాలు చూస్తున్నారు.

సగం వీధిలో శత్రువు ప్రత్యక్షమయ్యాడు. ఎవరో ముందే దిష్టి తీసి కొట్టిన బూడిద గుమ్మడికాయ, నాలుగు చెక్కలై, తెల్లటి గుజ్జుతో, మధ్యలో కుంకుమతో, వీధి దీపం కింద మెరుస్తూ దారికడ్డంగా పడి ఉంది. రౌతు పగ్గం బిగించాడు. రాణి ఆగింది. బేండు ఆగింది. పెళ్ళివారు "ఏటయింది? ఏటయింది?" అన్నారు. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు గడియారం చూపించాడు. రౌతు కదల్లేదు.

"అది ఎత్తితేగానీ నా గుర్రం కదల్దు బాబూ."

వరుడి మేనత్త కల్పించుకుని దిష్టి తీసిన కాయ ముట్టుకోకూడదంది. చర్చ రాజుకుంది. ఆఖరికి మేస్టారు కీలు మార్చిన మోకాలు మీద వంగి (ఆయన వంగడం ఆపరేషను తరవాత అదే మొదలు), చేతికర్రతో ఒక్కొక్క చెక్కనూ మురిక్కాలువలోకి నెట్టారు. రౌతు పెళ్ళాం ఎక్కడి నుంచి తెచ్చిందో ఒక బుట్టెడు ఇసుక తెచ్చి గుజ్జు మీద పోసింది. చంపావతి ఏడాదంతా మోసిన ఇసుకకు ఆనాటికి ఒక ప్రయోజనం కలిగింది. రాణి ఇసుకను ఒకసారి వాసన చూసి, దాని మీదుగా నాలుగు కాళ్ళూ వరసగా వేసి దాటింది. అవతల పదిగజాల తరవాత షరతు ప్రకారం సగం వీధి అయిపోయింది. వరుడు దిగి తక్కిన దూరం కాళ్ళ మీద నడిచి వెళ్ళాడు. పోటీపరీక్షలవాడు కనుక నడక అలవాటే.

డాక్టరు అక్కడికక్కడే తొడ తడిమి, "ఇంకో నెల సగం వీధే" అన్నాడు. రౌతు లెక్క వేసుకున్నాడు. ఆపరేషనుకి, మందులకి, లాడాలకి, పోయిన రెండు సీజన్లకి అయినది ఒకవైపు, ఈ సగం అద్దె ఒకవైపు. లెక్క తేలలేదు. తేలకపోయినా ఆ రాత్రి ఉలవలు నిండు బుట్ట కాకుండా మూడు గుప్పిళ్ళే పెట్టాడు. ఇంత ధర్మనిష్ఠ ధర్మరాజులో కూడా చూడం.

ఫలశ్రుతి

ఈ మోకాటిచిప్ప విజయాన్ని విన్నవారికి, చదివినవారికి, పెళ్ళిళ్ళలో చదివించినవారికి కలిగే ఫలం చెబుతున్నాను. ఎద్దు కుంటినవాడు పసుపూ సున్నమూ పట్టించకుండా డాక్టరు దగ్గరికి పోవును. ఆపరేషను అయిన మర్నాడే బండి కట్టమనే బావమరిదికి టీ దొరకదు. మోకాలు మార్పించుకుని వాలుకుర్చీలో కూర్చున్నవారు ఆ సాయంత్రమే కరెంటు స్తంభం దాకా పోయి వత్తురు. తొంభై నాలుగు కిలోల పెళ్ళికొడుకులకు కారులో ఊరేగే బుద్ధి కలుగును. దిష్టి గుమ్మడికాయ కొట్టినవారు ఆ చెక్కలు తామే ఎత్తి పారవేయుదురు. వీరిలో ఎవరికైనా నిరుడు మాఘంలో మా వీధిలో పడి ఉన్న ఎర్ర తలపాగా కనిపించి ఉంటే రౌతుకి ఫోను చెయ్యండి. అది సన్నాయి ఆయనది, ఇంకా అడుగుతున్నాడు.